ఒక్కసారే అడిగే ఊరు

మా వదినకు కుళ్ళు. ఈ మాట నేను ఆమె ఎదుటే అనగలను, ఆమె కూడా కాదనదు. ఆమె మంచితనం చెప్పడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు గనక, ఆమె కథ నేను ఇక్కణ్ణుంచే మొదలుపెడుతున్నాను.

వదిన అంటే మా పెద్దన్నయ్య భార్య. మా ఇంట్లో అందరికంటే ముందు ఈ దేశం కాని దేశానికి వచ్చింది వాళ్ళిద్దరే. తర్వాత నేను పెళ్ళి చేసుకుని వచ్చాను, నా వెనకే మా తమ్ముడు ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చాడు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. నేను ఒక లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తాను. ఆ లాండ్రీని ఆనుకుని బట్టలు సరిచేసే కుట్టుషాపు ఉంది. రెండింటికీ మధ్య సన్నటి నడవా, ఆ నడవాలో ఒక తలుపు. తలుపుకు అటువైపు మా వదిన, ఇటువైపు నేను. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో చాలామటుకు నా కళ్ళతో చూసినవే. మిగతావి ఆమే వచ్చి నా చెవిన వేసింది.

మావాళ్ళలో ఆమెకు పెద్ద పేరు. కొత్తగా విమానం దిగిన ప్రతి కుటుంబమూ ముందు ఆమెకే ఫోన్ చేసేది. పక్కింటివాళ్ళు భోజనానికి పిలిచారు, ఏం పట్టుకెళ్ళాలక్కా? ఆఫీసులో పెద్దాయన్ని పేరు పెట్టి పిలవమంటున్నారు, నాకు నోరు రావట్లేదు, ఏం చెయ్యమంటారు? మా వదిన ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో కూర కలుపుతూ అన్నిటికీ జవాబు చెప్పేది.

"చెప్పకుండా ఎవరి గుమ్మమూ తొక్కకు. ఎన్నింటికి రమ్మన్నారో అన్నింటికే వెళ్ళు, ముందు కాదు, వెనక కాదు. జీతమెంతని అడక్కు. పిల్లలెందుకు లేరని అసలే అడక్కు. చిక్కావేంటి, లావయ్యావేంటి అని మనం ప్రేమగా అంటాం, వాళ్ళకది తిట్టు. టీ తాగుతావా అంటే, కావాల్సొస్తే తాగుతాననే చెప్పు. మొహమాటానికి వద్దన్నావనుకో, ఇక నోరెండి చావాల్సిందే. ఇక్కడ ఒక్కసారే అడుగుతారు."

ఈ చివరిది చెప్పేటప్పుడు గొంతు కాస్త పెంచేది. వచ్చిన కొత్తలో అన్నయ్యా తనూ ఎవరింటికో భోజనానికి వెళ్ళి, ఇంకొంచెం వడ్డించనా అంటే చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టారట. ఆ ఇంటావిడ నిజమేననుకుని గిన్నెలు లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఇంటికొచ్చి మొగుడూ పెళ్ళాలు గిన్నె అడుగున మిగిలిన అన్నం ఊడ్చుకు తిన్నారు.

అది నవ్వుకుంటూ చెప్పే కథ. నవ్వకుండా చెప్పేది ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం తోచక, ఎదురింటావిడతో నాలుగు మాటలాడదామని వెళ్ళి తలుపు కొట్టింది. ఆవిడ సగం తలుపు తెరిచి, గడపలోనే నిలబడి ఏం కావాలని అడిగింది. ఏమీ అక్కర్లేదు, ఊరికే వచ్చానంది మా వదిన. ఏమీ అక్కర్లేని మనిషి తన తలుపెందుకు కొట్టిందో ఆవిడకు బోధపడలేదు. మర్యాదగానే నవ్వి, మర్యాదగానే తలుపు మూసుకుంది. వదినకు తలకొట్టేసినట్టయింది. ఇంకెప్పుడూ ఎవరి గుమ్మంలోనూ అలా నిలబడకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆ తర్వాత పరీక్షకు చదివినట్టు చదివింది ఆ ఊరిని. బస్సులో ఎవరు ఎవరికి చోటిస్తున్నారు, దుకాణంలో ఎంత దూరం జరిగి నిలబడుతున్నారు, ఏ మాటకు నవ్వుతున్నారు, అన్నీ కళ్ళప్పగించి చూసేది. మనం తల అడ్డంగా ఊపితే అది అవునో కాదో వాళ్ళకు తెలియదని, మెడ బిగబట్టుకుని మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఆమెకు మెడ పట్టేసిందనుకుని మా అన్నయ్య కొన్నాళ్ళు నొప్పులమందు రాశాడు కూడా.

ఇక షాపు సంగతి. దాని యజమానురాలు ఒంటరి మనిషి, పెద్ద వయసు. మాలో మేం కళ్ళజోడమ్మ అనుకునేవాళ్ళం. ఒక కళ్ళజోడు ముక్కు మీద, ఒకటి తల మీద పెట్టుకుని, ఇంకోదాని కోసం బల్లంతా వెతుక్కునేది. అక్కడ కొత్త బట్టలు కుట్టరు. పాంట్ల కాళ్ళు పొట్టి చెయ్యడం, నడుం దగ్గర వదలడమో బిగించడమో, పాడైన జిప్పులు మార్చడం, కోటు లోపలి గుడ్డ చిరిగితే కొత్తది వెయ్యడం, ఇదే పని. మా వదిన అంచు మడిచి కుడితే బయటినుంచి కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. కొలత తీసేముందు ముట్టుకోవచ్చా అని అడిగేది. గుండుసూది ఎవరికీ గుచ్చుకున్న పాపాన పోలేదు. అరిచిన కస్టమరు కూడా వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించి వెళ్ళేవాడు.

ఆ షాపంటే ఆమెకు ప్రాణం. కళ్ళజోడమ్మ కూర్చునే కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. అక్కణ్ణుంచి వీధీ కనిపిస్తుంది, లోపలి మిషన్లన్నీ కనిపిస్తాయి. ఒకసారి నేను ఇస్త్రీ చేసిన చొక్కాలు ఇవ్వడానికి వెళ్తే, ఆ కుర్చీ వంక చూస్తూ అంది.

"ఈవిడ తర్వాత ఇది నాదే కదా అమ్మాయ్. ఇంకెవరికిస్తుంది?"

ఆమె ఇంకేదీ అంతగా కోరుకోగా నేను చూడలేదు. ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కూడా కాదు. తన పని చూసి వాళ్ళే ఇవ్వాలి, తను వద్దనాలి, వాళ్ళు బతిమాలాలి, అప్పుడు తీసుకోవాలి. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఆమెకు వచ్చినవన్నీ అలాగే వచ్చాయి.

ఇంతలో మా తమ్ముడికి పెళ్ళయింది, మా మరదలు వచ్చింది. వదినకు తోడికోడలు. వచ్చిన వారం నుంచే వదిన ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పింది. మరదలు అన్నిటికీ సరే అక్కా, అలాగే అక్కా అనేది. గేటు దాటగానే అన్నీ గాలికి వదిలేసేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ చేతిలో తను తినే పప్పుబద్దలు పోసేది. ఆ భాష రెండు ముక్కలు కూడా సరిగ్గా రాకపోయినా, ఆ రెండు ముక్కలతోనే ఎవరి ముందు పడితే వాళ్ళ ముందు గలగలా మాట్లాడేసేది.

ఒకరోజు నేనూ వదినా పనినుంచి వస్తున్నాం. ఎదురింటి మెట్ల మీద మా మరదలు కూర్చుని ఉంది. పక్కన ఆ ఎదురింటావిడ. ఇద్దరి మధ్యా గిన్నె, గిన్నెలో బఠాణీలు, ఇద్దరూ వలుస్తున్నారు. మమ్మల్ని చూసి మరదలు చెయ్యూపింది. ఎదురింటావిడ కూడా ఊపింది.

ఇంట్లోకి వచ్చాక వదిన చెప్పులు విప్పకుండానే నిలబడిపోయింది.

"ఆవిడ నాకు తలుపు తియ్యలేదు," అంది.

తర్వాత మరదల్ని అడిగింది, ఎలా అయిందీ స్నేహమని. మరదలు మామూలుగా చెప్పింది.

"ఉల్లిపాయలు అయిపోయాయక్కా. వెళ్ళి ఉందా అని అడిగాను. ఇచ్చింది."

"చెప్పకుండా వెళ్ళావా?"

"ఉల్లిపాయకి ముందుగా ఏం చెప్తామక్కా."

నాకు నవ్వు ఆగలేదు. వదిన నా వైపు కొరకొరా చూసింది. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైంది, ఎవరం నోరెత్తలేదు.

అయినా షాపులో పని పెరిగి ఇంకో మనిషి కావాల్సొచ్చినప్పుడు, మరదలి పేరు చెప్పింది మా వదినే. ఇంటి మనిషి కదా, ఓ దారిలో పడుతుందని అనుకుంది. పక్కన ఒక తప్పుల తడక ఉంటే తన పనితనం ఇంకా బాగా తెలుస్తుందని కూడా అనుకుని ఉంటుంది. ఆ మాట నాతో అనలేదు, నేనే అనుకున్నాను.

తప్పులకైతే మరదలు లోటు చెయ్యలేదు. ఒక పెద్దమనిషి పాత కోటు పట్టుకొచ్చి బొత్తాం పడట్లేదన్నాడు. మరదలు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, కోటుదేం తప్పులేదు, మీరే బాగా ఒళ్ళు చేశారని వచ్చీరాని భాషలో చెప్పేసింది. మా వదిన చేతిలో కత్తెర ఆగిపోయింది.  ఆ మనిషి పొట్ట చేత్తో తట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ కోటు కూతురి పెళ్ళికి కుట్టించుకున్నదని, ఇప్పుడు మనవరాలి పెళ్ళికి వేసుకోవాలని చెప్పుకొచ్చాడు. ఎంతోకాలంగా ఆ షాపుకు వస్తున్నాడాయన. కూతురుందని మా వదినకు ఆ రోజే తెలిసింది.

"నేనెప్పుడూ అడగలేదు కదా, సొంత విషయాలు అడక్కూడదని," అంది నాతో నడవాలో నిలబడి. "నేనడిగితేనే చెప్పాలా? నాకూ చెప్పొచ్చు కదా ఆయన?"

ఒళ్ళు మండుతోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. సముదాయించబోయాను. వినకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అన్నీ అలా కలిసొచ్చాయని చెప్తే అబద్ధమవుతుంది. ఇంకో కస్టమరును, పాపం చక్కటి మనిషి, మరదలు గౌను అంచుకు సూదులు పెడుతూ పిల్లలెందరని అడిగింది. లేరంటే ఎందుకు లేరంది. ఆవిడ సూదులున్న గౌనులోనే కాసేపు కదలకుండా నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళి మార్చుకుని, గౌను తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మరదలు ఆ రోజంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆవిడకు ఫోన్ చేసి మర్యాదగా క్షమాపణ చెప్పింది మా వదిన. చెప్పి వచ్చి, మరదలి వీపు నిమిరి, నడవాలోకి వచ్చేసరికి ఆమె మొహం చేటంత అయి ఉంది.

"చూశావా, నేను ముందే చెప్పాను," అంది.

నాకు చిరాకేసింది. ఒకళ్ళు ఏడుస్తుంటే ఏమిటా మొహమని అడిగేశాను. ఆమె గబుక్కున నవ్వు మింగేసింది గానీ, ఆ రోజు చివరిదాకా పనిలో హుషారు తగ్గలేదు.

చలికాలంలో కళ్ళజోడమ్మకు జ్వరం పట్టుకుని షాపుకు రాలేదు. వదిన పద్ధతిగా ఫోన్ చేసింది. ఎలా ఉన్నారు, ఏమైనా సాయం కావాలా, నన్ను రమ్మంటారా అని అడిగింది. అక్కర్లేదు, బాగానే ఉన్నానంది ఆవిడ. సరే, విశ్రాంతి తీసుకోండని వదిన ఫోన్ పెట్టేసింది. వద్దన్న మనిషి ఇంటికి వెళ్ళకూడదు. అది ఆమె పాఠాల్లో ఒకటి. మరదలు ఫోనూ చెయ్యలేదు, ఏమీ చెయ్యలేదు. తిన్నగా వెళ్ళి తలుపు తట్టింది. లోపలికి వెళ్ళి దుప్పటి సర్ది, నీళ్ళు కాచి, తొట్టిలో పేరుకుపోయిన కప్పులన్నీ కడిగి వచ్చింది. సంగతి తెలిసి వదిన తల పట్టుకుంది. ఇక ఇద్దరి ఉద్యోగాలూ ఊడినట్టేనంది.

కళ్ళజోడమ్మ కోలుకుని వచ్చిన రోజు, మిషన్ల మధ్య నిలబడి అందరూ వినేలా చెప్పింది, తన ఇంట్లో ఇంకొకరు కప్పు కడిగి ఎన్నేళ్ళయిందో గుర్తులేదని. చెప్తూ మరదలి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వదిన భుజం మీద ఎప్పుడూ పడలేదు. ముట్టుకోవచ్చా అని అడిగే మనిషిని ఎవరు మాత్రం ముట్టుకుంటారు?

"నేనూ వెళ్దామనుకున్నాను," అంది వదిన. "ఆవిడే వద్దంది. నాకు వద్దని, దానికి మాత్రం..."  కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

జ్వరం తర్వాత కళ్ళజోడమ్మకు ఓపిక తగ్గింది. షాపు ఎవరికైనా అప్పగించి, దూరాన ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోవాలనుకుంటున్నట్టు అందరికీ అర్థమైంది. మా వదినకు నిద్ర పట్టేది కాదట. అన్నయ్య చెప్పాడు.

ఒకరోజు టీ వేళకు ఆవిడ వదినను కిటికీ దగ్గరకు పిలిచింది. నేను తెరిచి ఉన్న తలుపు అవతల దుప్పట్లు మడతపెడుతున్నాను. అంతా వినబడుతూనే ఉంది.

"నేను వెళ్ళిపోయాక ఈ షాపు నువ్వు నడుపుతావా?"

వదిన వెంటనే అంది.

"అయ్యో, నావల్ల ఎక్కడవుతుందండీ అంత పెద్ద బాధ్యత. నాకెందుకులెండి."

అని తల దించుకుని, నవ్వుతూ నిలబడింది. నాకు వీపే కనిపిస్తోంది గానీ, ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఇళ్ళల్లో చీర పెట్టబోతే వద్దనేటప్పటి నవ్వు అది.

 కళ్ళజోడమ్మ సరే, అర్థమైందంది. కప్పు తీసుకుని టీ తాగింది.

వదిన ఎగిరినట్టే నడవాలోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అడిగింది అమ్మాయ్. నన్నే అడిగింది."

"విన్నాను. వద్దన్నావేం?"

"అడగ్గానే ఎగిరి గంతేస్తే ఏం బావుంటుంది? ఎప్పుడిస్తారా అని కాచుక్కూర్చున్నట్టు ఉండదూ? రేపో ఎల్లుండో మళ్ళీ అడుగుతుందిగా, అప్పుడు ఒప్పుకుంటాను."

నిజమే కదా అనుకున్నాను నేను కూడా. టీ గురించి ఆమె ఫోన్లలో చెప్పే పాఠం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇది టీ కాదు, షాపు కాబట్టి, దీనికి మన పద్ధతే వర్తిస్తుందని ఇద్దరమూ నమ్మాం. కోరుకున్నది చిన్నదైతే అవునంటాం. పెద్దదైతే వద్దనే అనాలి.

మర్నాడు వదిన మంచి చీర కట్టుకుని పనికొచ్చింది. ఆ మర్నాడూ అంతే. కళ్ళజోడమ్మ దగ్గరకు వచ్చినప్పుడల్లా మిషను ఆపి తలెత్తేది. ఆవిడ దారం గురించి అడిగేది, సుద్దముక్క గురించి అడిగేది. ఆ సంగతి ఎత్తలేదు. ఒప్పుకోవడానికి ఏం మాటలనాలో కూడా వదిన తయారుగా పెట్టుకుంది. మీరింతగా అంటున్నారు కాబట్టి, అని మొదలవుతాయి అవి. నాకొకసారి అప్పజెప్పింది కూడా.

ఆ మాటలు అలాగే ఉండిపోయాయి. ఒక పొద్దున కళ్ళజోడమ్మ అందరినీ పిలిచి, వచ్చే నెలనుంచి షాపు మా మరదలు చూసుకుంటుందని చెప్పి చప్పట్లు కొట్టింది. వదిన కూడా చప్పట్లు కొట్టింది. అక్కడ చప్పట్లు కొట్టాలని ఆమెకు తెలుసు. ఆ తర్వాత నడవాలోకి వచ్చి, నా ఇస్త్రీ బల్ల పక్కన నేల మీద కూలబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, తోడికోడల్ని నిలబెట్టి కడిగేసింది.

"నువ్వెప్పుడు నేర్చుకున్నావే పని? పాంటు నడుం విప్పడం నేనే నేర్పాను కదా. కప్పులు కడిగి సంపాదించావు షాపు."

మా తమ్ముడు ఏదో అనబోయాడు. అన్నయ్య వాణ్ణి బయటకు లాక్కెళ్ళాడు. మరదలు మొహం పాలిపోయింది.

"నన్నడిగారక్కా. సరేనన్నాను. అనకూడదా?"

"అడగ్గానే సరేనన్నావా?"

"మరేమనాలి? నాకు కావాలనిపించింది."

 ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బస్సులో వెళ్ళి వేరే వేరే సీట్లలో కూర్చునేవాళ్ళు. కొత్తవాళ్ళు ఫోన్ చేస్తే వదిన ఎత్తేది కాదు. షాపులో మరదలు నవ్వితే చాలు, వదిన మిషను గట్టిగా తొక్కేది. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ రోజుల్లో ఆమెను చూస్తే తెలిసేది. చివరికి నేనే ఉండబట్టలేక, ఆ మంట మా మీదెందుకు, వెళ్ళి ఆ పెద్దావిడనే అడుగు పొమ్మన్నాను.

వెళ్ళింది. వచ్చాక నాతో చెప్పింది, ఒక్క మాట కూడా దాచకుండా.

ఇన్నేళ్ళు తప్పు లేకుండా చేశాను, నన్నెందుకు కాదన్నారని అడిగిందట. కళ్ళజోడమ్మ రెండు కళ్ళజోళ్ళూ తీసి ఒళ్ళో పెట్టుకుందట.

"మొదట అడిగింది నిన్నే కదా. నువ్వు వద్దన్నావు. మళ్ళీ అడిగితే నిన్ను ఇబ్బంది పెట్టినట్టవుతుందని ఊరుకున్నాను. నీ మాటకు విలువిచ్చాను."

"మాలో మొదటిసారి వద్దనే అంటామండీ."

"మరి ఎన్నోసారి అవునంటారు?"

 ఎన్నోసారో ఎవరైనా ఎప్పుడు లెక్కపెట్టారు? అడిగేవాళ్ళకూ తెలుస్తుంది, ఒప్పుకునేవాళ్ళకూ తెలుస్తుంది, అంతే. నాకిది కావాలి, ఎప్పణ్ణుంచో కావాలి అని అప్పుడు చెప్పిందట మా వదిన. జీవితంలో మొదటిసారి ఆ మాట నోటితో అన్నానంది. కళ్ళజోడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చాలా బాధపడిందట. కానీ ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేనంది. ఇప్పుడు షాపు నీ తోడికోడలిది, ఆమెనే అడుగు అంది.

"అడుగుతావా?" అన్నాను.

"అడుగుతాను," అంది వదిన.

మర్నాడు మధ్యాహ్నం నేను కోట్లు పట్టుకుని తలుపు తోసేసరికి, షాపులో వాళ్ళిద్దరే ఉన్నారు. కస్టమర్లెవరూ లేరు. మరదలు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని జిప్పుల డబ్బా సర్దుతోంది. వదిన తన మిషను దగ్గరనుంచి లేచి వెళ్ళి ఆమె ముందు నిలబడింది. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను గానీ, ఆ కోట్లతో తలుపు దగ్గరే ఆగిపోయాను.

"నీతో మాట్లాడాలి," అంది వదిన. "ఆ కుర్చీలో నిన్ను చూళ్ళేకపోతున్నాను. నాకు కుళ్ళుగా ఉంది. ఎదురింటావిడ దగ్గర్నుంచీ ఉంది. నువ్వు తప్పు చేస్తే సంతోషపడ్డాను కూడా. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ షాపు నాక్కావాలి. నాకిచ్చెయ్యి."

మరదలు డబ్బా మూత పెట్టింది. చాలాసేపు దాని మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"ఇవ్వనక్కా," అంది.

 మళ్ళీ తనే అంది.

"ఇక్కడికొచ్చినప్పట్నుంచీ నేను నడిస్తే తప్పు, నవ్వితే తప్పు. నిజంగానే తప్పులే చేశాను, కాదనను. మీలా కావాలని ఎంత ప్రయత్నించానో మీకు తెలీదు. మిమ్మల్ని చూస్తే నాకూ అసూయే. ఇది ఒక్కటి నా చేతికొచ్చింది. ఇది నేను ఇవ్వలేను."

వదిన ఆ కుర్చీ వంక చూసింది.

"ఒక్కటే అడుగుతానక్కా. ఇంకోసారి అడక్కండి." మరదలి కళ్ళల్లోంచి నీళ్ళు జారిపోతున్నాయి. "ఇంకోసారి అడిగితే కాదనలేను. ఇచ్చేస్తాను."

అది నిజమని మా ముగ్గురికీ తెలుసు. మొదటిసారి కాదన్నవాళ్ళం రెండోసారి నీళ్ళు నములుతాం, మూడోసారి తలొంచుతాం. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అడిగితే జరిగేది అదే. ఇంకొక్క మాట అంటే చాలు, షాపు మా వదినది. ఆ కుర్చీ, కిటికీ, ఇన్నాళ్ళ కోరిక, అంతా ఆ ఒక్క మాట దూరంలోనే ఉంది. నిజం చెప్పొద్దూ, అడుగు వదినా అని నేను లోపల్లోపల అంటూనే ఉన్నాను. అన్యాయమని తెలిసీ అన్నాను. ఆమె ఎంత పని చేసిందో చూసినదాన్ని నేను.

వదిన నోరు తెరిచింది. మరదలు కళ్ళు మూసుకుంది.

వదిన నోరు మూసుకుంది. వెనక్కి తిరిగి తన మిషను దగ్గరకు వచ్చి కూర్చుంది. మొహం కందిపోయి ఉంది. బుట్టలోంచి ఒక పాంటు తీసి ఒళ్ళో పరుచుకుంది, దేనికోసం తీసిందో ఆమెకే తెలిసినట్టు లేదు.

"ఇది ఎంత పొట్టి చెయ్యమన్నారు?" అంది.

మరదలు కళ్ళు తుడుచుకుని చెప్పింది. వదిన సుద్దముక్కతో గీత గీసింది. నేను కోట్లు తగిలించి వచ్చేశాను.

కుళ్ళు తగ్గిందని మాత్రం అనుకోకండి. షాపులో మరదల్ని కస్టమర్లు మెచ్చుకుంటే ఇప్పటికీ మా వదిన మూతి ముడుచుకుంటుంది, సాయంత్రం నడవాలోకి వచ్చి నా దగ్గర కక్కేస్తుంది. నేను వింటాను. కానీ షాపు ఇచ్చెయ్యమని మరదల్ని రెండోసారి అడగలేదు.